పెద్దోడు బతికిందన్నడు, చిన్నోడు సచ్చిందన్నడు

పొద్దుటి నుంచి వాన ఒక్క తీరుగా కురుస్తూనే ఉంది. కామాటిపురా పదకొండో గల్లీలో వజ్రమ్మ చాయ్ కొట్టు మీద కట్టిన నీలం పట్టా నీళ్ళ బరువుకు కిందికి దిగిపోతుంటే, ఆమె చీపురు కట్టతో పైకి పొడిచి నీళ్ళు పక్కకు దిమ్మరిస్తోంది.

కొట్టు ముందు బల్ల మీద చంద్రయ్య కూర్చున్నాడు. ఆయన భార్య ఎల్లమ్మ తెల్లారి ఆరు గంటలకు దవాఖానలో కన్ను మూసింది. మహబూబ్‌నగర్ పక్క నుంచి వచ్చి పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో బిల్డింగుల పని చేసుకుంటున్న మొగుడూ పెళ్ళాలు. తొమ్మిది రోజుల జ్వరం, అంతే. ఇప్పుడు పన్నెండు దాటింది. బాడీ ఇంకా చేతికి రాలేదు.

వార్డులో కంప్యూటర్ ఎల్లమ్మ పద్నాలుగో మంచం మీద ఉందంటోంది. కింద కౌంటర్లో కంప్యూటర్ ఆమె మొన్ననే డిశ్చార్జి అయి ఇంటికి పోయిందంటోంది. ఇంటికి పోయిన మనిషి శవాన్ని మేం ఎట్లా ఇస్తామని కౌంటర్ వాళ్ళు కూర్చున్నారు. మరాఠీ గట్టిగా మాట్లాడగలదని పొరుగునుండే శంకర్రావు కూతురు సాక్షి అక్కడ నిలబడి కొట్లాడుతోంది. రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డ చంద్రయ్యను, "కాకా, నువ్ ఇంటికి పో, ఇంత చాయ్ తాగు, పనైతే నేనే ఫోన్ చేస్త" అని గల్లీ కుర్రాడు విక్కీ బండి మీద ఆమే వెనక్కి పంపింది.

చాయ్ చల్లారిపోయింది. చంద్రయ్య దాని వైపు చూడలేదు.

ఎదురుగా స్టూలు మీద శంకర్రావు. చంద్రయ్య ఉండే చాలులోనే, ఆ వరస గదుల పాత బిల్డింగులోనే, రెండో అంతస్తు గది ఆయనది. ఒకప్పుడు కంప్యూటర్ కంపెనీలో చేశాడు, ఇప్పుడు గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట మొబైల్ కవర్లు అమ్ముతాడు. నలుగురు కూడితే మాటలు మొదలుపెట్టకుండా ఉండలేడు. ఇవాళ మాత్రం పావుగంట నుంచి ఏం మాట్లాడాలో తెలియక మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

చంద్రయ్యే తల ఎత్తాడు.

"శంకరన్నా, నువ్వు కంప్యూటర్లల్ల చేసినవ్ గద. ఒక డబ్బల ఉన్నది ఇంకో డబ్బల లేదంటె ఎట్లన్నా? మనిషి ఒక్కతే గద."

శంకర్రావు మొహంలోకి ప్రాణం వచ్చింది.

"మంచిగడిగినవ్ తమ్మీ. ఈ ముచ్చట చెప్పేటోడు ఈ గల్లీ మొత్తంల నేనొక్కన్నే. చెప్త ఇను. ఐరోలీ దిక్కు ఒక కంపెనీల ఆరేండ్లు చేసిన, పేరు చెప్పను, చెప్తె వాళ్ళకు ఇప్పటికీ నా మీద మనాది పుడ్తది. ఒక ట్రస్టు వాళ్ళ దవాఖానలు నలభై ఉండె, ఆ నలభైటి రికార్డు మా దగ్గర్నే. క్షయ బీమారీ ఉన్నోళ్ళ పేర్లు, ఎవలికి ఏ గోలి, ఎన్నో నెల నడుస్తుంది, అన్ని. గదంత ఒక్క డబ్బల ఉండదు. పన్నెండు మెషీన్లల్ల పంచి పెడ్తరు. ఆరు ఇక్కడ, మూడు హైదరాబాద్ల, మూడు చెన్నైల. ఒక్కో పేరు మూడు మెషీన్లల్ల రాసి ఉంటది. ఎందుకు? ఒకటి సచ్చినా రెండు మిగులుతయని."

"ఇంతవరకు నాక్కూడ సమజైంది కాకా, ముందటికి పో" అన్నాడు విక్కీ. బండి సీటు మీద నీళ్ళు తుడుస్తూ అటే చెవి పెట్టాడు.

"పోతున్న, ఆగు. ఆ మెషీన్లతోని మాట్లాడాల్నంటె బొమ్మలు, బటన్లు ఏముండయ్. నల్ల తెర ఉంటది. ఒక్కో మాట టైపు కొట్టాలె. మన మాట మెషీన్ దాంక మోసుకపోనీకె రెండు టూల్స్ ఉంటయ్, పాతదొకటి, కొత్తదొకటి. నేను వాటికి పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టిన. ఇద్దర్ని ఒక్క కంపెనీయే తయారుజేసింది, గని ఇద్దరికి మాటల్లెవ్వు, గెట్టు పంచాయితి ఉన్న పాలోళ్ళ లెక్క. పెద్దోనికి హెచ్ అని కొట్టు, 'సారూ, ఏం సాయం కావాలె' అని కూసుంటడు. గదే హెచ్ చిన్నోనికి కొట్టు, 'ఏ మెషీన్, పేరు చెప్పు' అంటడు. పీ అంటె పెద్దోనికి దర్వాజ నంబరు, చిన్నోనికి తాళంచెవి. పెద్దోడు మెషీన్లను సున్న కెళ్ళి గణిస్తడు, చిన్నోడు ఒకటి కెళ్ళి. పెద్దోడు నాలుగంటె చిన్నోనికది అయిదు. ఏదన్న మెషీన్ని తీసెయ్ అంటె పెద్దోడు 'పక్కానా, ఇంకోపారి చెప్పు' అని అడుగుతడు. చిన్నోడు అడగడు. తీసేసినంక చెప్తడు."

"మా తోడికోడండ్లే నయం" అంది వజ్రమ్మ.

"ఇగ ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు పొద్దున్నె డ్యూటీకి పొయ్యేసరికి ఆఫీసుల అందరు తల పట్టుకున్నరు. ఏడో మెషీన్ బతికే ఉన్నదని పెద్దోడు అంటుండు, సచ్చిందని చిన్నోడు అంటుండు. పన్నెండు మంది ఇంజినీర్లు, ఒక్కొక్కనికి గీ గోడంత డిగ్రీ, ఎవలకు దిక్కు తోస్తలేదు. నేను లేచిన. ఎవ్వలతోని మాట్లాడలే. మెషీన్ల గదిలకు పోయిన, ఏడోదాని ఈపు మీద చెయ్యి పెట్టిన. వెచ్చగున్నది. బయటికొచ్చి 'బతికే ఉన్నది' అన్న. గంతే. పెద్ద సారు లేచి నిలబడి 'శంకర్, తూ మహాన్ ఆహేస్' అన్నడు, నువ్వు గొప్పోనివి అని. అందరి ముందట అన్నడు. కావాల్నంటె అడుగుర్రి."

"ఎవలని అడగాలె?" అన్నాడు విక్కీ.

"అడగనీకె ఆయన ఇప్పుడు దుబాయిల ఉన్నడు. మధ్యల మాట్లాడకురా. చంద్రయ్యా, ఇంటున్నవా? గందుకే చెప్తున్న, ఒక డబ్బ ఒకటి చెప్తె ఇంకోటి ఇంకోటి చెప్తది, అది వాటి తీరు. నువ్వు గాబరా కాకు. నేను గిసోంటివి ఎన్ని చూసిన! ఒక ఆదివారం నాడు ఏమైందో చెప్త. పగటీలి పన్నెండు. ఆఫీసుల నేనొక్కన్నే. గప్పుడు చెన్నైల వరద వచ్చింది. ఎంత వరదనుకున్నవ్? మా మెషీన్లు మూడో అంతస్తుల ఉంటె, కిటికీలకెళ్ళి చేపలొచ్చి తీగల మధ్యల ఈత కొడ్తున్నయ్. మూడు మెషీన్లు మునిగినయ్. గదే టైంకు హైదరాబాద్ల పందికొక్కు ఒకటి వైరు కొరికింది. ఇగ చూడు. పెద్దోడు తొమ్మిది బతికున్నయంటడు. చిన్నోడు నాలుగు సచ్చినయ్, రెండింటి సంగతి నాకు తెల్వదంటడు. ఇటు పెద్దోన్ని బతిమిలాడుదమంటె అటు చిన్నోనికి కోపం. అప్పుడు నేనేం చేసిన? రెండు కీబోర్డులు ముందటేసుకున్న. కుడి చేత్తోని పెద్దోనికి కొడుతున్న, ఎడమ చేత్తోని చిన్నోనికి కొడుతున్న. ఒక్కటే సారి. కుడి చెయ్యి సున్న కెళ్ళి, ఎడమ చెయ్యి ఒకటి కెళ్ళి. ఒక కన్ను ఈ తెర మీద, ఒక కన్ను ఆ తెర మీద."

"కాకా, మొబైల్ల 'గుడ్ మార్నింగ్' కొట్టనీకె నీకు పావుగంట పడ్తది."

"అది చిన్న పని గనక రాదురా! పెద్ద పనైతేనే నా చేతులు తిరుగుతయ్. తిరిగితె ఎట్ల తిరిగినయనుకున్నవ్, కీబోర్డు కెళ్ళి పొగ లేసింది. అక్షరాలు అరిగిపోయి బటన్లు నున్నగయినయ్, ఏది ఏదో కనపడ్తలేదు, అయినా కొడుతనే ఉన్న. ఆ మెషీన్లు గుంజే కరెంటుకు వర్లి కెళ్ళి ధారావి దాంక ఫ్యాన్లన్ని ఉల్టా తిరిగినయట. మీ ఇంట్ల గూడ తిరిగి ఉంటది వజ్రక్కా, యాదికి తెచ్చుకో."

"మా ఇంట్ల ఫ్యాను ఎప్పుడు తిరిగింది గనక" అంది వజ్రమ్మ, కొత్త చాయ్ పొయ్యి మీద పెడుతూ.

విక్కీ నవ్వాడు. అవతల వాన తప్పించుకుంటూ నిలబడ్డ ఇద్దరు కూలీలు కూడా నవ్వి దగ్గరికి జరిగారు. శంకర్రావు అది చూడలేదు. ఆయన చంద్రయ్యను చూస్తున్నాడు. పొద్దుటి నుంచి నేల మీదే ఉన్న చంద్రయ్య చూపు ఇప్పుడు ఆయన మొహం మీద ఉంది. ఆ మనిషి చల్లారిన గ్లాసు అందుకొని ఒక గుక్క తాగాడు కూడా.

అది చాలు శంకర్రావుకు. స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఇంత చేసినా పన్నెండుకు పన్నెండు మెషీన్లు పోయినయ్. సప్పుడు లేదు. పెద్దోడు 'ఎవ్వలు లేరు' అన్నడు. చిన్నోడు గూడ 'ఎవ్వలు లేరు' అన్నడు. ఆరేండ్లల్ల ఇద్దరు ఒక్క మాట మీదికి వచ్చింది గదే మొదటిసారి."

"మరి పేర్లన్నీ పోయినయా?" అంది వజ్రమ్మ.

"యాడ పోతయ్? ఈడ ఉన్నయ్." శంకర్రావు వేలితో కణత మీద కొట్టుకున్నాడు. "ఆరేండ్లు దినాం చూసిన గద తెర మీద. ఒక్కొక్క పేరు కండ్ల కెళ్ళి లోపటికి పోయి కూసున్నది. కండ్లు మూసుకున్న, గణపతిని తలుసుకున్న, మొదలుపెట్టిన. కోటిన్నర మంది. పేరు, ఇంటిపేరు, వయసు, గోలి రంగు, ఎన్నో నెల. కొట్టుకుంట పోతనే ఉన్న. పెద్ద సార్లందరు వచ్చి వెనకాల నిలబడ్డరు, ఒకాయన ఇసనకర్రతోని ఇసురుతుండు, ఒకాయన నోట్లె నీళ్ళు పోస్తుండు. దీపాలు పెట్టేయాల్లకు అయిపోయింది. కోటిన్నరల ఒక్కటే తప్పు పోయింది. ఘాట్కోపర్ల ఒకాయన ఇంటిపేరుల దీర్ఘం ఎక్కువ పడ్డది. సరిజేస్తనని ఫోన్ చేస్తె, వద్దు శంకర్‌సాబ్, గిట్లనే మంచిగున్నదన్నడు."

"అంత చేసినోనివి ఆ నౌకరీ ఎందుకిడిసినవ్ కాకా?"

"అది వేరే ముచ్చట." శంకర్రావు చెయ్యి ఊపేశాడు. "అసలుది ఇంకా చెప్పలే. ఇను చంద్రయ్యా, ఇది నీకు చెప్పాల్సింది. ఆ పేర్లల్ల ఒక ముసలాయనది ఉండె, నాలాసోపారా ఆయన. ఆయన బతికున్నడని పెద్దోడు, సచ్చిండని చిన్నోడు. ఏందిరా ఈ పంచాయితి అని ఇంటికి ఫోన్ చేసిన. కోడలు ఎత్తింది. ఇప్పుడే పాడె కట్టిన్రు, స్మశానంకు తీస్కపోయిన్రని ఏడుస్తుంది. నాకు పాణం కలుక్కుమన్నది. మా దాంట్ల ఒక మాట ఉంటది, 'రిపేర్' అని. మూడు కాపీలు మూడు తీర్లు చెప్తున్నయనుకో, ఏది నిజమో ఎంచి, మిగిలిన వాటిని గూడ దాని లెక్కనే చేస్తది. నేనేం చేసిన? బతికున్నడన్న కాపీనే నిజమని పెట్టిన. పెట్టి, రిపేర్ కొట్టిన. ఎంటర్ నొక్కిన. గంతే! అక్కడ కట్టెల మీద ముసలాయన లేసి కూసున్నడు. ముక్కుల దూది తీసి పక్కకేసి, 'చాయ్ ఉన్నదా' అని అడిగిండట. ఇప్పటికీ..."

ఆయన ఆగిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. పొయ్యి మీద చాయ్ పొంగి మంట మీదికి కారుతుంటే వజ్రమ్మ చూస్తూ నిలబడింది. విక్కీ చేతిలో గుడ్డ ఆగింది.

చంద్రయ్య లేచి నిలబడ్డాడు. వచ్చి శంకర్రావు మణికట్టు పట్టుకున్నాడు. సిమెంటు తిని గరుకెక్కిన చెయ్యి. ఆ పట్టుకు శంకర్రావు గడియారం చర్మంలోకి దిగింది.

"పా అన్నా."

"యాడికి తమ్మీ?"

"దవాఖానకు. పైన వార్డుల డబ్బ ఇంకా ఉన్నదనే అంటుంది గద. పద్నాలుగో మంచం మీదనే ఉన్నదంటుంది. వాళ్ళు దాన్ని మార్చకముందే పోదాం. గదే నిజమని పెట్టు. మా ఎల్లమ్మది గూడ రిపేర్ కొట్టన్నా."

"చంద్రయ్య కాకా, ఆయన మజాక్ చేస్తుండు..." అన్నాడు విక్కీ చిన్నగా.

చంద్రయ్యకు వినపడలేదు. "నీకు వచ్చు గదన్నా. లేపినవ్ గద ఆ ముసలాయన్ని. ఆమెకు నలభై గూడ లెవ్వు."

శంకర్రావు మణికట్టు విడిపించుకోబోయాడు.

"నాకు చాతగాదు తమ్మీ."

"కోటిన్నర మందిది చేసినవంటివి."

"చెయ్యలే."

"రెండు చేతులతోని..."

"చెయ్యలే చంద్రయ్యా. ఏది చెయ్యలే."

చంద్రయ్య చెయ్యి వదల్లేదు. అర్థం కానట్టు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. ఆ చూపు తట్టుకోలేక శంకర్రావు తల దించుకున్నాడు. ఆయన గొంతు ఈసారి అందరికీ కొత్తగా వినపడింది. అందులో ఊపు లేదు.

"ఆ ఆదివారం డ్యూటీల నేనున్నది నిజం. వరద లేదు, ఏం లేదు. చెన్నైల ఒక మెషీన్ పాడైంది. దాన్ని తీసెయ్ అని సారు ఫోన్ల చెప్పిండు. ఎన్నో నంబరని పెద్దోన్ని అడిగిన, నాలుగన్నడు. తీసేసుడు చిన్నోని తోని చెయ్యాలె. వానికది అయిదు, నేను నాలుగనే కొట్టిన. వాడు అడగలే. పక్కనున్న మంచిదాన్ని తీసేసిండు. అందుల ఉన్న పేర్లకు మూడు కాపీలల్ల ఒకటి పాడైనదాంట్ల పోయింది. ఇంకోటి వేరే మెషీన్ల కొత్తగ నింపుతున్నరు, సగం గూడ కాలే. మిగిలింది గదొక్కటే ఉండె. నేను తీసేసిన."

"ఎంతమందివి?" అంది వజ్రమ్మ.

"పదకొండు వేలు. సోమవారం పొద్దున్నె ఆ దవాఖానల ముందట లైన్లు. అయిదు నెలలు గోలీలు మింగినోళ్ళకు గూడ మీ పేరు లేదు, మల్ల మొదటి నెల కెళ్ళి మింగుర్రి అన్నరు. ఆ గోలీలు మింగితె కడుపుల తిప్పుతది, చెవులు గుయ్యిమంటయ్, తెలుసు గద. కొందరు మల్ల మొదలుపెట్టిన్రు. కొందరు ఇగ రానే రాలే. వాళ్ళేమైన్రో ఎవ్వలకు ఎరికలేదు. నాకు ఎరికలేదు. నన్ను సాయంత్రానికి పొమ్మన్నరు. కంపెనీ బెంగుళూరుకు ఎత్తేసిన్రని ఇంట్ల చెప్పిన. సాక్షికి ఇప్పటికీ గదే తెలుసు."

కూలీలిద్దరూ వాన తగ్గకపోయినా గల్లీలోకి దిగి వెళ్ళిపోయారు. చంద్రయ్య పట్టు మెల్లగా సడలింది. శంకర్రావు మణికట్టు మీద గడియారం అచ్చు ఎర్రగా పడి ఉంది.

విక్కీ ఫోన్ మోగింది. సాక్షి. మరాఠీలో గబగబా చెబుతుంటే "హా... హా తాయీ..." అని విని పెట్టేశాడు. ముందు వజ్రమ్మ వైపు చూశాడు.

"పెద్ద డాక్టరమ్మ వచ్చిందట. కౌంటర్ల కూసున్నోన్ని పైకి తోల్కపోయి చూపించిందట. ఇస్తున్నరు. బట్టలు తీసుకొని రమ్మంటుంది. మోసేటోళ్ళు నలుగురు కావాలట."

"కంప్యూటర్ల ఏమున్నదంట?" అన్నాడు చంద్రయ్య.

విక్కీ మళ్ళీ బండి సీటు తుడవబోయాడు.

"చెప్పురా బిడ్డా."

"సరిజేసిన్రు కాకా. పైన, కింద. రెండిట్ల ఒకటే పెట్టిన్రు."

చంద్రయ్య తల ఊపాడు. వజ్రమ్మ పొయ్యి ఆర్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఎల్లమ్మ చీర తేవడానికి చాలు మెట్లెక్కింది. విక్కీ బండి స్టార్ట్ చేశాడు. చంద్రయ్య పట్టా కింది నుంచి వానలోకి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. శంకర్రావు స్టూలు మీద అట్లాగే కూర్చుని ఉన్నాడు.

"నలుగురు కావాలన్నడు గదన్నా. నువ్వు రావా?"

శంకర్రావు లేచాడు. వచ్చి చంద్రయ్య పక్కన నిలబడ్డాడు. ఇద్దరి తలల మీదా వాన పడుతోంది.

చంద్రయ్య ఆయన వైపు చూడకుండానే అన్నాడు.

"నువ్వు చెప్తుంటె జరసేపు నిజమనుకున్ననే అన్నా. గా జరసేపు మంచిగుండె."